ఊరి పేరు మీద ఆడే ఆట

మన పత్రికలో క్రీడల పుట అనగానే విజేతల జాబితా, ముఖ్య అతిథి చేతుల మీదుగా కప్పు అందుకొంటున్న జట్టు ఛాయాచిత్రం పాఠకుల కళ్ళ ముందు కదలాడతాయి. ఈ వ్యాసంలో జాబితా లేదు, కప్పు అంతకంటే లేదు. తగరపు ఖనిజం అన్వేషణ పనుల నిమిత్తం తోంగ్‌పాల్ పరిసరాలలో మేము శిబిరం వేసుకొని ఉన్న కాలంలో మా కంటబడిన ఊరి ఆటలను గురించి, వాటిని చూసినప్పుడల్లా మా సంభాషణలోకి వచ్చిన ఐర్లండు దేశపు ‘హర్లింగ్’ అనే కర్రబంతి ఆటను గురించి, ఆ రెండింటి మూలంగా మన టౌన్‌షిప్ మైదానం విషయంలో మాకు కలిగిన ఒక ఆలోచనను గురించి పాఠక మిత్రులతో పంచుకోవాలని మా సంకల్పం.

తోంగ్‌పాల్ మన ఉద్యోగులలో చాలామందికి దారిలో తగిలే ఊరుగానే తెలుసు. జగదల్‌పూర్‌లో బయలుదేరి, దర్భా ఘాట్ దాటి, సుక్మా, కోంటాల మీదుగా చింతూరు, భద్రాచలం వైపు దిగివచ్చే 30వ నంబరు జాతీయ రహదారి (పాతవారి నోట ఇంకా 221గానే పలుకుతుంది) ఈ ఊరి మీదుగానే పోతుంది. సెలవుకు ఇంటికి పోయే తెలుగు కుటుంబాలు ఇక్కడ బస్సు ఆగినప్పుడు టీ త్రాగి, పిల్లలకు బిస్కట్లు కొనిపెట్టి, మళ్ళీ ఎక్కి కూర్చుంటాయి. అవిభక్త బస్తర్ జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 1998లో దంతెవాడ జిల్లాకు, 2012లో సుక్మా జిల్లాకు మారింది. చుట్టుప్రక్కల ధుర్వాలు, గోండులు ఉంటారు. సంతలో వ్యవహార భాష హల్బీ. కోంటా వైపు దోర్లాల మాటలో మన తెలుగు పలుకులు దొర్లుతుంటే ప్రాణం లేచివచ్చినట్లుండేది. ఇక నేల సంగతి మన శాఖవారికి చెప్పనక్కరలేదు. దేశంలో తగరపు ఖనిజం వెలికితీస్తున్నది ఈ దక్షిణ బస్తర్‌లోనే. వాగుల ఇసుకను చేటలతో, తట్టలతో కడిగి ఆ నల్లని బరువైన గింజలను వేరుచేయడం ఇక్కడి గ్రామస్థులకు చేతనైన విద్య.

ఈ దారికి మరొక పేరు కూడా వచ్చిందన్నది అందరికీ తెలిసినదే. 2013 మే 25న జీరమ్ లోయలో జరిగిన ఘోరం తర్వాత చాలా ఏళ్ళు ప్రొద్దు వాలిన పిమ్మట ఇటు ప్రయాణమంటే ఇంట్లోవారు ఒప్పుకొనేవారు కారు. ఒక ఊరి కుర్రవాళ్ళు ఇంకొక ఊరికి ఆటకు పోవడమన్నది మామూలు రోజులలో ఎవరి దృష్టికీ రాని చిన్న విషయం. భయం కమ్ముకొన్న రోజులలో మొట్టమొదట ఆగిపోయేది అదే. అందుచేత ఇక్కడ రెండు ఊళ్ళ జట్లు ఒక మైదానంలో నిలబడినప్పుడు మాకది ఆటగా మాత్రమే కనబడలేదు.

ఊళ్ళ మధ్య పంతం మొదట కంటబడేది సంతలో. ఉదయం నుండి ఉప్పు, నూనె, ఎండుచేపలు, చింతపండు, ఇప్పపువ్వు చేతులు మారుతుంటాయి. మధ్యాహ్నం తిరిగేసరికి మగవారి అడుగులు మెల్లగా సంత అంచున కట్టిన బరి వైపు సాగుతాయి. అక్కడ కోడిపుంజు కాలికి కత్తి కడతారు. ఓడిన కోడి గెలిచినవాడి సొత్తు. గోదావరి జిల్లాల నుండి వచ్చిన మనవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. డేగ, కాకి, నెమలి అని రంగులనుబట్టి పుంజులకు పేర్లు పెట్టి, వాటికి ఒక శాస్త్రమే వ్రాసుకొన్న జాతి మనది. కోడిపందెంతో రాజుకొన్న పల్నాటి పౌరుషం ఎక్కడికి దారితీసిందో చిన్ననాటి నుండి వింటూనే ఉన్నాము. కత్తి కట్టిన పందెం మాకు రుచించదు. చట్టమూ దాన్ని ఒప్పదు. అయినా బరి చుట్టూ లేచే అరుపులో పుంజు యజమాని పేరుకంటె అతని ఊరి పేరే ఎక్కువగా వినబడడం మేము గమనించాము. ఆ పౌరుషానికి కోడి రక్తం అక్కరలేని ఆట దొరికితే ఎలా ఉంటుందన్న ప్రశ్నకు జవాబు అదే ఊరిలో, సంతకు నాలుగు ఫర్లాంగుల దూరంలో, చదును చేసిన పొలంలో కనబడింది.

అది కబడ్డీ పోటీ. కోతలయ్యాక ఎండిన మడిలో ముగ్గుతో గీతలు గీశారు. వెదురుబద్దలకు రంగు కాగితాలు అంటించారు. ఒక మూల చింతచెట్టు మొదట మేకపోతు కట్టివేసి ఉంది. ప్రథమ బహుమతి అదే. ద్వితీయ బహుమతి కోడిపుంజు; కత్తి లేకుండా, కూర నిమిత్తం. బస్తర్ ఊళ్ళు ఒకేచోట గుంపుగా ఉండవు. పొలాల మధ్య, చెట్ల మధ్య విడివిడిగా ‘పారా’లుగా ఉంటాయి. పటేల్‌పారా, స్కూల్‌పారా వంటి పేర్లు దాదాపు ప్రతి ఊరిలోనూ తగులుతాయి. ఉదయమంతా పారాకూ పారాకూ పోటీ. మధ్యాహ్నం అవే రెండు పారాల కుర్రవాళ్ళు ఒక్క జట్టుగా కలిసి ప్రక్క ఊరి మీద దిగారు. ఉదయం ఒకరి నడుము ఒకరు విరగదీసుకొన్నవారే మధ్యాహ్నం గొలుసుగా చేతులు కలిపి పట్టుకు సిద్ధమవడం చూడముచ్చటగా ఉండింది.

మన పల్లెలలో చెడుగుడు అనే ఈ ఆట ‘హుతుతు’ అని మహారాష్ట్రలోనూ, వేర్వేరు పేర్లతో దేశమంతటా ఉన్నదే. అమరావతి వ్యాయామ మండలివారు 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడల సందర్భంగా దీన్ని ప్రదర్శించివచ్చారు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో పతకాల ఆట అయింది. 2014 నుండి వృత్తి పోటీలు వచ్చి, ‘తెలుగు టైటాన్స్’ అనే పేరు మన ఇళ్ళలోనూ వినబడుతోంది. ముప్ఫై సెకన్ల కూత, పదమూడు మీటర్ల చాప, దీపాలు, సంగీతం అన్నీ అమరాయి. ఆ ఎండుమడిలో మాత్రం కూత ఊపిరి ఉన్నంతసేపే. ఊపిరి తెగిందా లేదా అన్నదానిపై వాదన మాత్రం ఊపిరికంటె చాలాసేపు సాగింది. తుదకు ఇరు ఊళ్ళ పెద్దలు కూర్చొని ఒక పాయింటు ఇటు, ఒక పాయింటు అటు సర్దారు. నియమావళి అంగీకరించని ఈ పద్ధతికి మాలో ఒక యువ భూగర్భ శాస్త్రజ్ఞుడు చాలా నొచ్చుకొన్నాడు. మాకు మాత్రం అది బాగానే తోచింది. సాయంత్రం ఇరు జట్లూ ఒకే దారిన ఇంటికి నడవవలసినవారే కదా.

మేకపోతును బహుమతిగా పెట్టడం ఒక్క బస్తర్ ఆచారమే కాదు. ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాలో, ఆ సరిహద్దు దాటిన జార్ఖండ్ పల్లెలలో హాకీ పోటీలనే ‘ఖస్సీ’ పోటీలంటారు. ఖస్సీ అంటే విత్తులు తీసిన మేకపోతు. గెలిచిన ఊరు దాన్ని కోసి పంచుకొంటుంది. ఆ జిల్లాలోని సౌనామారా గ్రామం నుండి వచ్చి భారత జట్టుకు నాయకుడై, నాలుగు వందలకు పైగా అంతర్జాతీయ పోటీలాడి, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడైన దిలీప్ తిర్కీ పేరు వినని క్రీడాభిమాని ఉండడు. అటువంటి పల్లె మైదానాలలోనే అడవి కర్రతో ఆడుతూ, ఒక మేకపోతు కోసం ప్రాణాలొడ్డే జట్ల నుండే దేశానికి హాకీ వీరులు వచ్చారు.

మరునాడు అదే మడిలో చిన్నపిల్లలు గిల్లీడండా ఆడుతున్నారు. కోస్తాలో బిళ్ళంగోడు, రాయలసీమలో చిల్లాకట్టె, తెలంగాణలో చిర్రగోనె అని మనం పిలుచుకొనేది అదే. బిళ్ళ కొసను గోడుతో కొట్టి లేపడం, లేచినదాన్ని గాలిలోనే చావగొట్టడం, అది పడినచోటికి గోడుతో కొలుచుకొంటూ పోవడం. ఇంజనీరుకు ఈ ఆటలో నచ్చేది ఏమిటంటే కొట్టే సాధనమే కొలిచే సాధనం కూడా. మా యువకుడు జేబులోని ఫోను తీసి, ఐర్లండులో ఆడే హర్లింగ్ దృశ్యం ఒకటి చూపించింది ఆ రోజే. పిల్లలు గోడులు క్రింద పడవేసి మూగారు. తెర మీద ఆటగాడు నేల మీది బంతిని కర్ర కొసతో లేపి గాలిలోనే బలంగా కొట్టగానే ఒక్కసారిగా కేక పెట్టారు. వారికి వ్యాఖ్యానం అవసరం కాలేదు.

పెద్దలకు మాత్రం కొంత వివరణ అవసరం. హర్లింగ్‌లో జట్టుకు పదిహేనుగురు. చేతిలో చివర వెడల్పైన చదునైన కర్ర. బంతి తోలుతో కుట్టినది, బరువు 110 నుండి 120 గ్రాములు, అంటే క్రికెట్ బంతికంటె తేలిక. నేల మీది బంతిని చేత్తో నేరుగా ఎత్తరాదు, కర్రతో లేపుతారు. చేతపట్టుకొని నాలుగు అడుగులకు మించి నడవరాదు. ఆ తర్వాత కర్ర చివర బంతిని నిలబెట్టుకొని పరుగెత్తవచ్చును. మన పెళ్ళిళ్ళలో చెంచాలో నిమ్మకాయ పెట్టి పరుగెత్తే పందెం ఉంటుంది. దానికి ప్రక్కనుండి పదిమంది కర్రలతో మీద పడుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకొనవలసినది. ఇంగ్లీషు ‘హెచ్’ అక్షరం ఆకారంలో ఉండే గోలు స్తంభాలలో అడ్డకర్ర క్రిందుగా పోతే గోలు, అది మూడు పాయింట్లకు సమానం. పైగా పోతే ఒక పాయింటు. లెక్క కూడా రెండు అంకెలుగానే వ్రాస్తారు. 2025 అఖిల ఐర్లండు ఫైనలులో టిప్పరరీ 3-27, కార్క్ 1-18. మూడు గోళ్ళకు తొమ్మిది, ఇరవైయేడు కలిపితే ముప్ఫైఆరు, అవతల ఇరవైఒకటి. తలకు శిరస్త్రాణం 2010 నుండి తప్పనిసరి చేశారంటే అంతకు ముందు ఏమి జరిగేదో అర్థమవుతుంది. ఆడవారికీ ఇదే ఆట ‘కమోగీ’ అన్న పేరుతో 1904 నుండి ఉంది. యునెస్కో 2018లో ఈ రెండింటినీ మానవాళి సాంస్కృతిక వారసత్వంలో చేర్చింది.

ఇంతవరకు ఆట. మమ్మల్ని ఆలోచింపజేసినది దాని నిర్మాణం. 1884 నవంబరు 1న థర్లెస్ పట్టణంలోని ఒక హోటలులో మైఖేల్ క్యూసాక్ అనే ఉపాధ్యాయుడు, మారిస్ డేవిన్ అనే క్రీడాకారుడు, మరికొందరు కూర్చొని ఒక సంఘం స్థాపించారు. అప్పటికి ఆ దేశం పరాయి పాలనలో ఉంది. తమ ఆటలు తమకు దక్కాలన్నది వారి పట్టుదల. (నవంబరు 1 అంటే మన ఆంధ్రప్రదేశ్ 1956లోనూ, ఛత్తీస్‌గఢ్ 2000లోనూ ఏర్పడిన తేదీ. ఇది కాకతాళీయమే, కాని మా శిబిరంలో ఆ రోజు రెండు రాష్ట్రాలవారూ మిఠాయి పంచేవారు కనుక గుర్తుండిపోయింది.) సంఘానికి పునాదిరాయి చర్చి పరగణా, అంటే ఇంచుమించు మన గ్రామం. ప్రతి పరగణాకు ఒక క్లబ్బు. పుట్టిన ఊరి క్లబ్బుకే ఆడాలి. మారాలంటే నివాసం మారాలి, అర్జీ పెట్టాలి, పెద్దలు ఒప్పుకోవాలి. ఎంత గొప్ప ఆటగాడైనా జీతం లేదు. దారిఖర్చులు మాత్రం ఇస్తారు. ఎనభై రెండు వేలమంది పట్టే క్రోక్ పార్కు మైదానంలో ఆదివారంనాడు ఆడిన వీరుడు సోమవారం ఉదయం బడిలో పాఠం చెప్పడానికో, పాలు పితకడానికో, తీగలు బిగించడానికో పోవలసినదే.

క్లబ్బులు మొదట తమ జిల్లాలో పోటీపడతాయి. అక్కడ గెలిచినది రాష్ట్ర స్థాయికి, అక్కడి నుండి దేశ స్థాయికి. క్లబ్బుల అఖిల ఐర్లండు పోటీ 1970-71లో మొదలైంది. తొలి విజేత టిప్పరరీలోని రాస్‌క్రే. కిల్‌కెన్నీ జిల్లాలోని బాలీహేల్ అనే చిన్న గ్రామం 1972లో క్లబ్బు ఏర్పరచుకొని, 1981 నుండి 2023 లోపల తొమ్మిదిసార్లు ఆ పోటీ గెలిచింది. మరే ఊరూ అన్నిసార్లు గెలవలేదు. పటములో వెదికి చూడవలసిన ఊరు అది. అటువంటి ఊరికి ఆ కప్పు ఏమిటో మన తోంగ్‌పాల్ మేకపోతును చూసినవారికి చెప్పనక్కరలేదు. ఇంకొక చిత్రం వినండి. మొదటి అఖిల ఐర్లండు ఫైనలు 1888 ఏప్రిల్ 1న జరిగినప్పుడు జిల్లా జట్లంటూ వేరుగా లేవు. టిప్పరరీ పేరు మీద థర్లెస్ ఊరి జట్టే ఆడింది, గాల్వే పేరు మీద మీలిక్ ఊరి జట్టు. పెద్ద పేర్లన్నీ చిన్న ఊళ్ళ భుజాల మీదనే లేచాయి.

అంతా మంచిదే అని మా అభిప్రాయం కాదు. ఇరుగుపొరుగు క్లబ్బుల పంతాలు అక్కడా తరాలు సాగుతాయి. విదేశీ ఆటలాడినవారిని బహిష్కరించే నియమం 1971 వరకు ఉండింది. బ్రిటిష్ పోలీసు, సైనిక ఉద్యోగులకు సభ్యత్వం నిరాకరించే నియమం 2001లో గాని తొలగలేదు. ఆటను ఒక పక్షానిది చేస్తే దాన్ని మళ్ళీ అందరిదీ చేయడానికి ఎంత కాలం పట్టిందో గమనించవలసినది. ఈనాడు వారి బాధ వేరు. పల్లెలలో కుర్రవాళ్ళు తగ్గిపోయి, పదిహేనుగురు దొరకక, నూరేళ్ళు తలపడిన ఊళ్ళే రెండూ కలిసి ఒక్క జట్టు దించవలసివస్తోంది.

కర్ర గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు సాగడం మావల్ల కాదు. హర్లింగ్ కర్రను ‘యాష్’ అనే చెట్టు మొదలు నుండి కోస్తారు. నేల మట్టం నుండి సుమారు నాలుగడుగుల భాగం మాత్రమే పనికివస్తుంది. కారణం, అక్కడ కాండపు నార వేళ్ళవైపు వంపు తిరుగుతుంది. కర్ర వంపు నార వంపు ఒకటే కనుక దెబ్బ తగిలినప్పుడు చీలదు. కొయ్యను వంచి చేసిన వంపుకూ, కొయ్యలోనే పుట్టిన వంపుకూ గల తేడా మన వర్క్‌షాపువారు వెంటనే గ్రహిస్తారు. అయితే ఆ చెట్టుకు శిలీంధ్ర వ్యాధి సోకి, 2012లో ఐర్లండులోనూ బయటపడి, తోటలకు తోటలు ఎండిపోతున్నాయి. ఆటే కర్రలేకుండా పోయే ప్రమాదం వచ్చింది. వారు కనుగొన్న ప్రత్యామ్నాయాలలో ఒకటి వెదురు. పొరలు పొరలుగా అంటించిన వెదురుతో కర్రలు తయారుచేసి ఆడుతున్నారు. వెదురు పనిలో ధుర్వాలకు సాటిరాగలవారు ఈ చుట్టుప్రక్కల లేరు. శిబిరంలో మాకు బుట్టలల్లి ఇచ్చిన వృద్ధునికి ఈ సంగతి చెబితే నవ్వి, తెరమీది కర్రను రెండు మూడుసార్లు అటూ ఇటూ త్రిప్పించి చూశాడు. పిడి చాలా పొట్టి అన్నాడు.

ఊరి ఆటను మెట్లు మెట్లుగా పైకి తెచ్చే ప్రయత్నం మన వైపూ జరిగింది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2022 అక్టోబరు 6న ప్రారంభించిన ‘ఛత్తీస్‌గఢియా ఒలింపిక్’ పోటీలలో గిల్లీడండా, పిట్టూల్, లంగడీ పరుగు, గేడీ (వెదురు మరకాళ్ళు) పరుగు, కబడ్డీ, ఖోఖో వంటి పదునాలుగు ఆటలు పెట్టారు. మొదటి మెట్టు గ్రామంలోని యువజన క్లబ్బు. అక్కడ నుండి జోన్, బ్లాకు, జిల్లా, డివిజన్, రాష్ట్రం వరకు ఆరు మెట్లు. మాకు అన్నిటికంటె నచ్చినది వయస్సుల విభజన: పద్ధెనిమిది లోపు, నలభై లోపు, నలభై పైన. నలభై దాటిన ఇల్లాలు కొంగు బిగించి ఫుగ్‌డీ తిరుగుతుంటే కోడళ్ళు చప్పట్లు కొట్టడం పత్రికలలో చూసే ఉంటారు. 2023లో రెండోసారీ జరిగి, ప్రభుత్వం మారాక ఆ పోటీలు ఆగిపోయాయి.

తర్వాత 2024 నవంబరు, డిసెంబరు మాసాలలో ‘బస్తర్ ఒలింపిక్’ వచ్చింది. కొండమైనా, అడవిదున్న దాని గుర్తులు. విలువిద్య, హాకీ, ఫుట్‌బాల్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, తాడులాగుడు వంటివి ఉన్నాయి. లక్షా అరవై ఐదు వేలమంది పేర్లు నమోదు చేసుకొన్నారు. బ్లాకు, జిల్లా, డివిజన్ అని మూడు మెట్లు. ఆయుధాలు వదలి వచ్చినవారు, మందుపాతరలలో కాళ్ళు పోగొట్టుకొన్నవారు కూడా జగదల్‌పూర్ మైదానంలో దిగారు. లెక్కలంటే ఇష్టమున్నవారికి ఇంకొక కాకతాళీయం: బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలు, 32 బ్లాకులు. ఐర్లండు ద్వీపంలో హర్లింగ్ సంఘపు పోటీలకు మూలమైన జిల్లాలు కూడా 32. తోంగ్‌పాల్ కుర్రవాడు ఛింద్‌గఢ్ బ్లాకు తరఫున ఆడి, సుక్మా జిల్లా బనియను తొడుక్కొనే అవకాశం ఆ నిచ్చెన కల్పించింది. మా శిబిరంలో పనిచేసే సహాయకులలో ఇద్దరు బ్లాకు పోటీలకు సెలవు అడిగినప్పుడు డ్రిల్లు రెండు రోజులు ఒక షిఫ్టుతో నడిచింది. నష్టమేమీ రాలేదు.

ప్రభుత్వం నిర్వహించే పోటీకి ఒక స్వభావం ఉంది. అది పైనుండి వస్తుంది, పైనుండే ఆగుతుంది. ఊరి క్లబ్బు క్రిందినుండి ఉంటే తప్ప నిచ్చెనకు నేల ఉండదు. ఆ క్లబ్బును నిలబెట్టేది ఎవరు? చరిత్ర చూస్తే చాలాచోట్ల ఒక బడిపంతులు, లేదా ఒక కార్యాలయం. క్యూసాక్ ఉపాధ్యాయుడని చెప్పాము. మన హైదరాబాదుకు ఫుట్‌బాల్ కీర్తి తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం కూడా వృత్తిరీత్యా ఉపాధ్యాయుడే. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో దేశపు జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగో స్థానం పొందింది, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచింది. ఆ సిటీ పోలీసు ఆటగాళ్ళు ఉద్యోగులు. వారి వెనుక హైదరాబాదు, సికిందరాబాదు పేటల మైదానాలు, పేటల పంతాలు ఉన్నాయి. ఆ పేట మైదానాలు ఇళ్ళుగా మారిన తర్వాత పెద్ద జట్లు పలచబడడానికి ఎన్నో ఏళ్ళు పట్టలేదు.

ఇక మన సంగతి. టౌన్‌షిప్పులలో విభాగాల మధ్య, ప్రాజెక్టుల మధ్య పోటీలు మనకు పెద్ద పండుగ. గనులవారికీ ప్లాంటువారికీ, వర్క్‌షాపుకూ ఆర్థిక విభాగానికీ ఉండే పంతం ఏడాది పొడవునా క్యాంటీనులో నడుస్తూనే ఉంటుంది. ఆ పంతానికి మేము వ్యతిరేకులము కాము. కాని అది చెడే దారి ఒకటి ఉంది. మేము పూర్వం పనిచేసిన ఒకచోట (పేరు అనవసరం) వాలీబాల్ కప్పు కోసం ఒక యూనిట్‌వారు ముగ్గురు రాష్ట్రస్థాయి ఆటగాళ్ళను నెల రోజుల తాత్కాలిక నియామకం మీద దించారు. కప్పు గెలిచారు. ఏడాదంతా షిఫ్టు దిగి వచ్చి చీకటి పడేదాకా సాధన చేసిన సొంత కుర్రవాళ్ళు పెట్టెల మీద కూర్చొని నీళ్ళ సీసాలు అందించారు. మరుసటి ఏడు రెండే జట్లు పేరు ఇచ్చాయి. ఆపైన ఆ కప్పు అద్దాల బీరువాలోనే ఉండిపోయింది. తోంగ్‌పాల్ ఊరి పెద్దను మేము, ప్రక్క ఊరి బలమైన కూతగాడిని మీ జట్టులోకి తెచ్చుకోరాదా అని అడిగితే, అప్పుడు మేకను ఏ ఊరిలో కోయాలి అని ఎదురు ప్రశ్న వేశాడు.

రెండో విషయం గోడ. మన మైదానానికి ప్రహరీ ఉంది, దీపాలున్నాయి, గడ్డి ఉంది. గోడకు ఆవల చెట్టెక్కి మన ఆట చూసే పిల్లలున్నారు. వారిలో చాలామంది మన గనులలో ఠేకేదారు క్రింద పనిచేసేవారి బిడ్డలు. వారి ఊళ్ళకు ఆటగాళ్ళున్నారు, మైదానం లేదు. మనకు మైదానముంది, కొన్ని విభాగాలలో పదకొండుమంది దొరకడం లేదు. ఉద్యోగులు తగ్గారు, ఉన్నవారి వయస్సు పెరిగింది. ఐరిష్ పల్లెలకు వచ్చిన కష్టమే మన టౌన్‌షిప్పులకూ వచ్చింది. అందుచేత వార్షిక పోటీలలో కబడ్డీ, వాలీబాల్, హాకీ మూడింటికైనా చుట్టుప్రక్కల ఊళ్ళ జట్లను ఆహ్వానించాలని మా ప్రతిపాదన. ‘అతిథి జట్టు’ అన్న పేరుతో కాదు. ప్రతి ఊరు తన పేరు మీదనే ఆడాలి, స్కోరు బల్ల మీద ఆ పేరే వ్రాయాలి.

దీనికి అభ్యంతరాలు వినవచ్చాయి. భద్రతా విభాగంవారు గేటు వద్ద రద్దీ గురించి, వైద్యవిభాగంవారు గాయాల గురించి అడిగారు. ఇరువురి ప్రశ్నా న్యాయమైనదే. పోటీలను ఆదివారం పగటిపూటకు జరిపి, ఆటగాళ్ళ పేర్లు వారం ముందుగా పంచాయతీ ద్వారా తెప్పించుకొంటే మొదటిది తీరుతుంది. ప్రథమ చికిత్స బృందం ఎలాగూ మైదానంలోనే ఉంటుంది కనుక రెండోదానికి కొత్త ఖర్చు లేదు. మూడో అభ్యంతరం ఎవరూ పైకి అనలేదు గాని మాకు చెవిన పడింది: ఊరి జట్లు వస్తే కప్పు మనకు దక్కదని. నిజమే, కబడ్డీలో కొంతకాలం దక్కకపోవచ్చును. బిళ్ళంగోడులో అసలే దక్కదు. ఓడిపోయే హక్కు మన విభాగాలకు ఉండాలి. సొంత జట్టుతో ఓడినవాడు మరుసటి ఏడాది సాధనకు వస్తాడు, కూలి జట్టుతో గెలిచినవాడు రాడు.

బహుమతి విషయంలో ఇంటి నుండి ఒక సూచన వచ్చింది. మహిళా మండలి సభ్యులు కొందరు, మేకపోతును పెట్టరాదా, గెలిచినవారికీ ఓడినవారికీ కలిపి మైదానంలోనే వంట చేద్దాము అన్నారు. పంచాయతీ వైపు నుండి బియ్యం, మన వైపు నుండి పొయ్యిలు. శాకాహారులకు వేరే పొయ్యి ఉంటుందని వారే హామీ ఇచ్చారు.

ప్రస్తుతానికి కావలసినది ఒక్క కాగితం మార్పు. జట్ల నమోదు దరఖాస్తులో ‘విభాగం’ అన్న గడి ఉంది. దాని క్రింద ‘లేదా ఊరు’ అన్న గడి ఒకటి చేర్చాలి. ఆ నమూనాను మేము గీసి, క్రీడా సంఘ కార్యదర్శిగారి బల్లమీద ఉంచాము. వచ్చే సమావేశం కార్యసూచిలో అది నాలుగో అంశం.